తెలివిలో లేని మనిషి ఆస్తి ఎవరి చేతిలో ఉండాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల్లో సాగు మీద బతికే కుటుంబాల రాబడి దాదాపు అంతా ఇవాళ పట్టాదారు పేరు మీదే వస్తోంది. రైతు భరోసా సొమ్ము ఆయన ఖాతాలోనే జమ అవుతుంది. కొనుగోలు కేంద్రంలో కాంటా వేసిన వడ్ల డబ్బులు కూడా అదే ఖాతాకు చేరుతాయి. పంట రుణం రెన్యువల్ చేయించాలంటే ఆయన సంతకం కావాలి. గుంట భూమి అమ్మాలన్నా, బిడ్డల పేరు మీద చేయాలన్నా తహసీల్దార్ కార్యాలయంలో స్లాటు తీసుకుని ఆయనే వచ్చి వేలిముద్ర వేయాలి. అలాంటి మనిషి పక్షవాతంతో మెదడు దెబ్బతిని మంచాన పడినా, రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి కోమాలోకి వెళ్ళినా, వయసు మీదపడి ఇంట్లోవాళ్ళనే గుర్తుపట్టలేనంతగా మతిమరుపు జబ్బు ముదిరినా ఆ ఇంటి లావాదేవీలన్నీ ఒక్కరోజులో ఆగిపోతాయి. వైద్యానికి చేతిలో డబ్బు ఆడాల్సిన రోజుల్లోనే ఇంటి డబ్బు ఇంటివాళ్ళకు అందకుండా పోతుంది.

ఇలాంటప్పుడు ఊళ్ళో ముందుగా వినిపించే సలహా జీపీఏ, అంటే ఆయన తరఫున పనులు చేసే అధికార పత్రం (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), రాయించుకోమని. సలహా ఇచ్చేవారి ఉద్దేశం మంచిదే అయినా చట్టం దానికి ఒప్పుకోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11, 12 సెక్షన్ల ప్రకారం తాను చేస్తున్న పనిని అర్థం చేసుకుని, దానివల్ల తనకు కలిగే మంచిచెడ్డలను బేరీజు వేసుకోగలిగిన వ్యక్తికే ఒప్పందం చేసే అర్హత ఉంటుంది. తెలివిలో లేని మనిషి చేత రాయించిన అధికార పత్రం పుట్టుకతోనే చెల్లదు. చాలామందికి తెలియని మరో సంగతి ఉంది: ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో పూర్తి ఇష్టంతో ఇచ్చిన జీపీఏ కూడా, ఇచ్చిన మనిషి మతి కోల్పోయిన క్షణంలో అదే చట్టం 201వ సెక్షన్ కింద రద్దయిపోతుంది. ఏ రోజు కోసమైతే తండ్రి ముందుచూపుతో కొడుకు పేరున జీపీఏ రాసిపెట్టాడో, సరిగ్గా ఆ రోజున అది పనికిరాకుండా పోతుంది. మతి పోయాక కూడా అమల్లో ఉండే అధికార పత్రానికి మన చట్టంలో ఇప్పటికీ చోటు లేదు.

రెండో అడ్డదారి నిశాని. మంచం మీదున్న మనిషి బొటనవేలికి సిరా పూసి స్టాంపు కాగితం మీద ఒత్తించుకోవడం పల్లెల్లో అంత అరుదైన పనేమీ కాదు. రిజిస్ట్రేషన్ దాకా వెళితే ఇది ఆగే అవకాశముంది, ఎందుకంటే దస్తావేజు రాసిచ్చే వ్యక్తి మతిస్థిమితం లేనట్టు కనిపిస్తే రిజిస్ట్రేషన్ తిరస్కరించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ అధికారిని ఆదేశిస్తోంది. 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పటి నుంచి సాగు భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ చేతికి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాక కూడా అదే పద్ధతి సాగుతోంది కాబట్టి ఈ బాధ్యత ఇప్పుడు మండల కార్యాలయం మీదే ఉంది. అసలు ప్రమాదం రిజిస్ట్రేషన్ దాకా రాని కాగితంతోనే. పాత తేదీ వేసిన సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకునే అమ్మకపు పత్రం) మీద నిశాని పడితే, ఆ రోజున ఆ మనిషికి సోయి ఉందా లేదా అన్నది ఏళ్ళ తర్వాత సాక్షుల మాటలతో తేల్చాల్సి వస్తుంది. అప్పటికి ఆ సాక్షుల్లో ఎవరుంటారో ఎవరుండరో.

మూడోది ఏటీఎం కార్డు, ఫోన్‌ పే. మందులకనీ, పాలకనీ భార్యో కొడుకో తీసే చిన్న మొత్తాలను ఎవరూ ప్రశ్నించరు. కానీ అన్నదమ్ముల మధ్య మాట పట్టింపు వచ్చిన రోజున మొదట బయటికి వచ్చేది ఆ ఖాతా స్టేట్‌మెంటే. ఖాతాదారు స్థితి తెలిసిన బ్యాంకు కూడా లావాదేవీలు నిలిపేస్తుంది. ఇక్కడ ఒక తేడాను గుర్తుపెట్టుకోవాలి. చెయ్యి ఆడక సంతకం చేయలేని, కానీ మనసు బాగా పనిచేస్తున్న వృద్ధులకు రిజర్వు బ్యాంకు నిబంధనలు వెసులుబాటు ఇచ్చాయి: వేలిముద్రనో ఏదో ఒక గుర్తునో, బ్యాంకు అధికారి ఒకరితో సహా ఇద్దరు సాక్షుల ఎదుట తీసుకుని డబ్బు ఇవ్వవచ్చు. ఆ వెసులుబాటు శరీరం సహకరించనివారికి మాత్రమే వర్తిస్తుంది. కోమాలో ఉన్న మనిషి వేలిని పట్టుకుని ఒత్తించడానికి అది అనుమతి కాదు.

ఒకప్పుడు ఈ చిక్కుకు సూటి దారే ఉండేది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఒక అధ్యాయం మొత్తాన్ని దీనికే కేటాయించారు. ఆస్తి ఉన్న వ్యక్తి మానసిక వ్యాధివల్ల దాన్ని చూసుకోలేకపోతే బంధువు జిల్లా కోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు విచారణ జరిపి మనిషి బాగోగులకు సంరక్షకుడిని, ఆస్తి నిర్వహణకు మేనేజరును నియమించేది. మేనేజరు ఆరు నెలల్లోగా ఆస్తులు, అప్పుల జాబితాను, ఆపైన ఏటేటా జమాఖర్చులను కోర్టుకు అప్పగించాలి. కోర్టు అనుమతి లేకుండా భూమి అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, అయిదేళ్ళకు మించి కౌలుకు ఇవ్వరాదు. 2018లో అమల్లోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ పాత చట్టాన్ని మొత్తంగా రద్దు చేసింది. కొత్త చట్టం రోగి హక్కుల విషయంలో చాలా ముందడుగు వేసింది. తన వైద్యం ఎలా జరగాలో ముందే రాసిపెట్టుకునే హక్కును, తన తరఫున వైద్య నిర్ణయాలు తీసుకునే ప్రతినిధిని ఎంచుకునే హక్కును ఇచ్చింది. అయితే ఆ ప్రతినిధి మాట ఆసుపత్రి గుమ్మం దాటి బ్యాంకులో గానీ తహసీల్దార్ కార్యాలయంలో గానీ చెల్లదు. ఆస్తి నిర్వహణ అధ్యాయాన్ని తీసేసినవారు దాని స్థానంలో మరొకటి పెట్టలేదు. ఇది శాసనకర్తలు చేసిన పెద్ద లోటు. దీని భారం మోస్తున్నది మంచాన పడినవారి కుటుంబాలే.

ఫలితంగా ఇవాళ జబ్బును బట్టి దారి మారుతుంది. పుట్టుకతో బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారికైతే 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఉంది. బిడ్డకు 18 ఏళ్ళు నిండగానే తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వం చట్టరీత్యా ముగిసిపోతుంది కనుక, ఆ తర్వాత జిల్లా కలెక్టరు స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకుని సంరక్షకులుగా నియామకం పొందాలి. కోర్టు ఫీజులు, వాయిదాలు లేని దారి ఇది. నల్లగొండలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా కలెక్టరేట్ పరిధిలోనే పని పూర్తవుతుంది. బ్యాంకులు ఈ కమిటీ ఇచ్చిన ధ్రువపత్రాన్ని అంగీకరించాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. కానీ ఈ చట్టం ఆ నాలుగు స్థితులకే పరిమితం. నలభయ్యో ఏట స్కిజోఫ్రీనియా వచ్చినవారికి, అరవయ్యో ఏట మెదడులో రక్తనాళం చిట్లినవారికి ఇది వర్తించదు.

వారికి మిగిలేది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్. జిల్లా కోర్టు గానీ, ప్రభుత్వం నోటిఫై చేసిన అధికారి గానీ పరిమిత సంరక్షకుడిని నియమించవచ్చని అది చెబుతుంది. ఇందులో పాత చట్టానికి పూర్తిగా భిన్నమైన ఆలోచన ఉంది. సంరక్షకుడు ఆ వ్యక్తి బదులు నిర్ణయాలు తీసుకునేవాడు కాదు, ఆ వ్యక్తితో కలిసి, అతని ఇష్టం ప్రకారం, ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే తోడు నిలిచేవాడు. తప్పనిసరైన చోట పూర్తి మద్దతును కూడా కోర్టు మంజూరు చేయవచ్చు, అయితే దాన్ని తిరిగి సమీక్షించాలి. 2007లో భారతదేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికకు అనుగుణంగా వచ్చిన ఈ మార్పు న్యాయమైనదే. మందులు వాడుతూ కుదుటపడిన మనిషికి, తన ఇల్లు అమ్మాలా వద్దా అన్న విషయంలో మాట చెల్లాల్సిందే. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన మతిలేనివాడని అనుకోరాదని, అది కోర్టు ప్రకటించాల్సిన విషయమని 2017 చట్టం కూడా స్పష్టంగా చెప్పింది. కాంట్రాక్టు చట్టమైతే ఇంకా పాతకాలం నుంచే, అప్పుడప్పుడూ స్థిమితంగా ఉండే మనిషి ఆ స్థిమితంలో చేసిన ఒప్పందం చెల్లుతుందని ఒప్పుకుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి చీటీ ఇంట్లో ఉందని చెప్పి మనిషి వాటాను మింగేయాలని చూసే పాలోళ్లకు ఈ నిబంధనలు గట్టి అడ్డు.

కోమాలో ఉన్నవారి విషయంలో ఈ సెక్షన్ తడబడుతుంది. ఏ ఇష్టాన్నీ చెప్పలేని మనిషితో కలిసి నిర్ణయం తీసుకోవడం ఎలా? చట్టం పట్టికలో చెప్పిన 21 రకాల వైకల్యాల్లో కోమా పేరు గానీ, మతిమరుపు జబ్బు పేరు గానీ లేవు. ఆలోచనను, జ్ఞాపకశక్తిని దెబ్బతీసి వివేచనను కుంటుపరిచే రుగ్మతలన్నీ మానసిక వ్యాధి నిర్వచనంలోకి వస్తాయి కనుక మతిమరుపు జబ్బును అందులోకి తెచ్చి వాదించే వీలుంది. కోమాకు ఆ వీలు కూడా సన్నగిల్లుతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో కుటుంబాలు రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేస్తున్నాయి. తనను తాను కాపాడుకోలేని వ్యక్తికి రాజ్యమే తల్లిదండ్రుల స్థానంలో నిలబడాలన్న సూత్రంపై హైకోర్టులు సంరక్షకులను నియమిస్తున్నాయి. కేరళ హైకోర్టు 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో బాగా ప్రస్తావనకు వస్తుంటాయి. న్యూరాలజిస్టు ఉన్న వైద్య బోర్డు రోగిని పరీక్షించాలి. తహసీల్దార్ హోదాకు తగ్గని రెవెన్యూ అధికారి ఇంటికి వెళ్ళి స్థితిగతులు చూసి నివేదిక ఇవ్వాలి. వారసులందరినీ పిటిషన్‌లో చేర్చాలి. నియమితులైన సంరక్షకులు ఆరు నెలలకొకసారి లెక్కలు అప్పగించాలి. శాసనసభలు చేయాల్సిన పనిని న్యాయమూర్తులు చేసిపెట్టిన తీరు ఇది. గద్వాల దగ్గరి పల్లెలో కోమాలో ఉన్న భర్త ఖాతాలోంచి ఆసుపత్రి ఖర్చులకు డబ్బు తీయడానికి ఒక ఇల్లాలు హైదరాబాద్ దాకా వచ్చి హైకోర్టులో రిట్ వేయాల్సి రావడం మాత్రం ఏ కోణంలో చూసినా భారమే.

జిల్లా కోర్టుల విషయంలో దూరభారం కొంత తగ్గింది. 2022 జూన్ 2 నుంచి తెలంగాణలో కొత్త జిల్లాలకు సొంత జిల్లా కోర్టులు వచ్చాయి. వనపర్తి, గద్వాల, నారాయణపేట వాళ్ళు మహబూబ్‌నగర్‌కూ, సూర్యాపేట, భువనగిరి వాళ్ళు నల్లగొండకూ తిరగాల్సిన అవసరం లేకుండా పోయింది. పిటిషన్‌కు ప్రభుత్వ ఆసుపత్రి నుంచి తెచ్చిన వైద్య ధ్రువపత్రం, దివ్యాంగ ధ్రువపత్రం ఉంటే అవి, పాస్‌బుక్ నకళ్ళు, ఖాతాల వివరాలు, ఇంటి పన్ను రసీదులు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేయాలి. కదలగలిగిన మనిషిని న్యాయమూర్తి స్వయంగా పలకరిస్తారు. కదలలేని మనిషి దగ్గరికి కోర్టు తరఫున చూసి రావడానికి ఒక న్యాయవాదిని (అడ్వకేట్ కమిషనర్‌ను) పంపవచ్చు. కాగితాల కంటే వారసుల అంగీకారం దగ్గరే ఎక్కువ కాలం పడుతుంది. పాలమూరు ఇళ్ళలో ఒక కొడుకు ముంబైలో, ఒకరు గల్ఫ్‌లో, ఆడబిడ్డ అత్తగారింట్లో ఉంటారు. ఆడబిడ్డకు కట్నం ఇచ్చేశాం కదా అని ఆమెను పిటిషన్‌లో చేర్చకుండా వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. ఆమె కూడా వారసురాలే. ఆమెను దాచి తెచ్చుకున్న ఉత్తర్వును ఆమె ఎప్పుడైనా సవాలు చేయగలదు.

సంరక్షకులు ఎవరైతే బాగుంటుందన్న ప్రశ్నకు ఊళ్ళో అలవాటుగా వచ్చే జవాబు పెద్దకొడుకు, లేదా మరిది. మంచం దగ్గర కూర్చుని తినిపించి, కడిగి, రాత్రిళ్ళు మేలుకునేది చాలా ఇళ్ళలో భార్యే. చదువురాదన్న సాకుతో కాగితాల అధికారాన్ని మాత్రం మగవాళ్ళకు అప్పగించడం సరైన పద్ధతి కాదు. లెక్కలు రాసిపెట్టడానికి కూతురో కొడుకో సాయం చేయవచ్చు, సంతకం చేసే అధికారం మాత్రం చూసుకుంటున్న మనిషి చేతిలో ఉండాలి. పైగా వారసులే సంరక్షకులైనప్పుడు ఒక సహజమైన మెలిక ఉంటుంది: ఇవాళ ఆ మనిషి మీద ఎంత తక్కువ ఖర్చు పెడితే రేపు తమకు అంత ఎక్కువ మిగులుతుంది. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన స్వార్థం ఉందని అనుకోరాదని 2016 చట్టం 13వ సెక్షన్ అంటూనే, ఫలానా ఆస్తి లావాదేవీలో సంరక్షకుడి ప్రయోజనానికీ ఆ మనిషి ప్రయోజనానికీ పొత్తు కుదరనప్పుడు అతను ఆ లావాదేవీ నుంచి పక్కకు తప్పుకోవాలని ఆదేశించింది. తండ్రి భూమిని తానే సంరక్షకుడిగా అమ్మి, తన బావమరిది పేరున కొనిపించే కొడుకును ఈ నిబంధన ఆపుతుంది.

నియామకం వచ్చాక మొదలయ్యే పని లెక్కే. నకిరేకల్ దగ్గర నాలుగెకరాల బత్తాయి తోట ఉన్న రైతు కోమాలో ఉన్నాడని, భార్య సంరక్షకురాలైందని అనుకుందాం. కోర్టు పెట్టిన గడువుకు ఆమె అప్పగించాల్సిన లెక్కలో జమ వైపున తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారి ఇచ్చిన అడ్వాన్సు, మిగిలిన సొమ్ము, రైతు భరోసా, బ్యాంకు వడ్డీ ఉంటాయి. ఖర్చు వైపున బోరు మోటారు రివైండింగ్, ఎరువులు, కలుపు కూలి ఒక వరుస. మందులు, ఫిజియోథెరపీ, ఆహార గొట్టం మార్పించిన ఖర్చు, డైపర్లు, గాలి పరుపు అద్దె మరో వరుస. ఆయన మీద ఆధారపడిన పిల్లల చదువు, ఇంటి తిండి ఇంకో వరుస. మందుల దుకాణం బిల్లు ఇస్తుంది. కలుపు తీసిన కూలీలు బిల్లు ఇవ్వరు కనుక ఒక నోటుబుక్కులో తేదీ, పేరు, మొత్తం రాసి సంతకమో నిశానో తీసుకోవాలి. ఆ వ్యాపారి గుత్త సొమ్మును నగదుగా ఇస్తానంటే ఒప్పుకోకుండా రైతు ఖాతాకే వేయించాలి. ఆమె సొంత ఖాతాలో ఒక్క రూపాయి కలిసినా తర్వాత విడదీయడం కష్టం. బిడ్డ పెళ్ళి వచ్చిందనుకుంటే, అది రోజువారీ పోషణ కిందికి రాదు కాబట్టి ఖర్చు పెట్టకముందే కోర్టు అనుమతి తీసుకోవాలి.

భూమి అమ్మకానికి అనుమతి అడిగినప్పుడు కోర్టు చూసేది అవసరం, ధర, కొనేవాడు. జడ్చర్ల, షాద్‌నగర్ వైపు ధరలు ఎక్కడికో వెళ్ళిన ఈ కాలంలో ప్రభుత్వ మార్కెట్ విలువ చూపించి, తక్కువ ధరకు అమ్ముతానంటే న్యాయమూర్తి ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు. ఎంత అమ్మితే వైద్యానికి సరిపోతుందో అంతకే అనుమతి ఇచ్చి, మిగిలిన సొమ్మును ఆ మనిషి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించడం సరైన పద్ధతి. పాలమూరు-రంగారెడ్డి, డిండి ఎత్తిపోతల వంటి ప్రాజెక్టుల కోసం 2013 భూసేకరణ చట్టం కింద ఇలాంటి వ్యక్తి భూమి పోతే, పరిహారం చెక్కును అన్నదమ్ములకు ఇచ్చి పంపే అధికారం ఎవరికీ లేదు. భూమిని బదిలీ చేసే అర్హతగల వ్యక్తి లేనప్పుడు ఆ సొమ్మును భూసేకరణ అథారిటీ వద్ద జమ చేయాలని 77వ సెక్షన్, దాన్ని వేరే భూమి మీదో ప్రభుత్వ సెక్యూరిటీల్లోనో పెట్టుబడి పెట్టించాలని 78వ సెక్షన్ చెబుతున్నాయి. పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు (అవార్డు) వచ్చేలోగా సంరక్షక నియామకం చేయించుకున్న కుటుంబాలకు ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

గెట్టు పంచాయితీ కోర్టుకెక్కిన సందర్భాల్లో వేరే ఏర్పాటు ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ 15వ రూలు ప్రకారం మతిస్థిమితం లేని వ్యక్తి తరఫున ఆ దావా వరకు ఒక ప్రతినిధిని కోర్టు అనుమతిస్తుంది. కోర్టు అనుమతి లేకుండా ఆ ప్రతినిధి రాజీ పడరాదు. ఆ మనిషి పక్షాన దావా వేయాల్సిన గడువు కూడా, లిమిటేషన్ చట్టం 6, 8 సెక్షన్ల మేరకు, గడువు మొదలయ్యేనాటికే అతనికి మతిస్థిమితం లేకపోతే, కోలుకున్నాక కొంతకాలం దాకా మిగిలి ఉంటుంది. పొలం గెట్టు జరిపి ఏళ్ళు గడిచిపోయాయి కదా అని ధీమాగా ఉన్న పొరుగువారికి ఈ సంగతి తెలియదు.

జబ్బు రాకముందే చేసిపెట్టుకోగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. భార్యాభర్తలు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడుపుకునేలా జాయింటుగా మార్చుకోవడం వాటిలో అన్నిటికన్నా తేలికైనది, ఖర్చు లేనిది. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ కోసం 1882 ట్రస్టుల చట్టం కింద కుటుంబ ట్రస్టు రాసి, ఇంటి అద్దెనో కౌలునో ఆ బిడ్డ జీవితాంతం అందేలా చేయవచ్చు. జబ్బు కారణంగా ఆ బిడ్డకు వారసత్వం పోతుందన్న పాత నమ్మకానికి చట్టంలో ఆధారం లేదు. హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ఏ జబ్బూ, ఏ వైకల్యమూ వారసత్వానికి అడ్డు కాదని చెప్పింది. ఇక సంరక్షకత్వం మాత్రం ఆస్తిలా వారసులకు దక్కదు. అలాంటి బిడ్డకు డెబ్బయ్యేళ్ళ తల్లి ఒక్కతే సంరక్షకురాలిగా నియమితురాలై కన్నుమూస్తే, ఆమె మరో కొడుకు ఆ ధ్రువపత్రం పట్టుకుని బ్యాంకుకు వెళ్ళలేడు; దరఖాస్తు మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలి, అది తేలేదాకా ఆ బిడ్డ ఖాతా కదలదు. అందుకే తల్లితోపాటు కాస్త వయసు తక్కువ ఉన్న అక్కనో తమ్ముడినో కూడా సంరక్షకులుగా చూపించి మొదటి దరఖాస్తులోనే అడగడం మంచిది.